పాటీ ఒకచోట, జెర్క్ ఒకచోట: టొరంటోలో జమైకా భోజనానికి ఎటు వెళ్ళాలి

"టొరంటోలో మంచి జమైకన్ హోటల్ ఏది?" అని అడిగేవాళ్ళకి నేను వెంటనే పేరు చెప్పను. ఏం తినాలని ఉంది, ఏ పూట వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. పెసరట్టుకి ఒక కొట్టు, పలావుకి ఇంకో కొట్టు చూసుకునే మనవాళ్ళకి ఇదేం కొత్త సంగతి కాదు. పాటీ, అంటే లోపల ఖీమా పెట్టిన పఫ్ లాంటిది, బేకరీ సరుకు. జెర్క్ చికెన్ పొగలో నిలబడి కాల్చేవాడి పనితనం. మేక కూరకి కుండ దగ్గర ఓపిక కావాలి. ఈ మూడూ ఒకే కొట్లో బ్రహ్మాండంగా కుదరడం నేనింతవరకూ చూడలేదు. అందుకని హోటల్ వెతికే ముందు వంటకం తేల్చుకోండి, సగం పని అయిపోతుంది.

ఈ ఊళ్ళో జమైకా వాళ్ళు నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు కారు. 1955లో కెనడా ప్రభుత్వం ఇళ్ళల్లో పనికి జమైకా, బార్బడోస్ ఆడవాళ్ళని రప్పించే పథకం పెట్టింది. 1967లో చదువు, పనితనం లాంటివాటికి మార్కులు వేసి వలసవాళ్ళని ఎంచుకునే పాయింట్ల పద్ధతి వచ్చాక వలస ఊపందుకుంది. అలా వచ్చినవాళ్ళు ఎగ్లింటన్ అవెన్యూ వెస్ట్ పొడుగునా కొట్లు పెట్టుకున్నారు. అలెన్ రోడ్డు నుంచి కీల్ వీధి దాకా ఉన్న ఆ ముక్కనే లిటిల్ జమైకా అంటారు. క్షౌరశాలలు, రికార్డు షాపులు, బేకరీలు, టేకవుట్లు అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. 2011లో అక్కడ రైలు మార్గం తవ్వకం మొదలై ఏళ్ళ తరబడి సాగింది. ఫుట్‌పాత్ మూసేశారు, పార్కింగ్ పోయింది, చాలా కొట్లు మూతపడ్డాయి. ఆ తర్వాత కోవిడ్. 40 ఏళ్ళకు పైగా పాటీలు అమ్మిన రాండీస్ 2022లో తలుపులు మూసేస్తే ఆఖరి రోజుల్లో జనం బారులు తీరారు. కాబట్టి పాత సలహాలు పట్టుకుని ఎగ్లింటన్ వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు కొట్టు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

పాటీ

మొదటిసారి తినేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టాలి. చవక, నిలబడి తినేయొచ్చు, నచ్చకపోయినా పెద్ద నష్టం లేదు. పొరలు పొరలుగా విడిపోయే పసుపుపచ్చని పిండి రేకు, లోపల మెత్తగా ఉడికిన ఖీమా. కర్రీ పఫ్ తిన్నవాళ్ళకి దగ్గరగానే అనిపిస్తుంది, కానీ లోపలి కూర జారుగా ఉంటుంది, వేడిగా కొరికితే నాలుక కాలుతుంది. దీన్ని కోకో బ్రెడ్ అనే కాస్త తియ్యటి మెత్తటి రొట్టె మడతలో పెట్టి ఇమ్మనండి. పిండిలో పిండి ఏంటని మొదట నేనూ నవ్వాను. ఇప్పుడు రొట్టె లేకుండా తినలేను.

పాటీకి టొరంటోలో ఒక రాజకీయ చరిత్ర కూడా ఉంది. 1985లో ఫెడరల్ అధికారులు వచ్చి, చట్టం ప్రకారం బీఫ్ పాటీ అంటే హాంబర్గర్‌లో పెట్టే మాంసం బిళ్ళ మాత్రమే, పైన పిండి రేకు ఉంటే ఆ పేరు పెట్టకూడదు, మార్చకపోతే జరిమానా అన్నారు. కొట్లవాళ్ళు ఎదురు తిరిగారు. పత్రికలు దానికి పాటీ యుద్ధం అని పేరు పెట్టాయి. చివరికి 'జమైకన్ పాటీ' అని రాసుకోండని రాజీ కుదిరింది. ఫిబ్రవరి 23న ఇక్కడ పాటీ దినం చేసుకోవడం ఆ గొడవ జ్ఞాపకంగానే.

ఎక్కడ తినాలంటే: దారిలో ఆకలేస్తే బాథర్స్ట్ సబ్‌వే స్టేషన్‌లోని బేకరీ కౌంటర్. టికెట్ గేట్ దాటి బయటికి రాకుండానే కాయితం సంచిలో వేడి పాటీ చేతికొస్తుంది. వార్డెన్ స్టేషన్ పాటీలకీ వీరాభిమానులున్నారు. ఈ రెంటిలో ఏది గొప్ప అన్న వాదన టొరంటోలో పెరిగిన పిల్లల మధ్య తేలేది కాదు. నా ఓటు బాథర్స్ట్‌కి. తీరిగ్గా తిరగాలనుకుంటే కెన్సింగ్టన్ మార్కెట్‌లో బాల్డ్విన్ వీధికి వెళ్ళండి, 85 నాటి గొడవలో ఆ మార్కెట్ పాటీ కొట్టు ముందు వరసలో ఉంది. బేకరీలోనే తినాలని పట్టుదల ఉంటే ఎగ్లింటన్‌లో స్పెన్సెస్. అక్కడ పాటీతో పాటు హార్డ్ డో బ్రెడ్ కూడా తెచ్చుకోండి. పేరులో హార్డ్ ఉన్నా రొట్టె గట్టిగా ఉండదు, ఒత్తుగా, కొద్దిగా తియ్యగా ఉండి మర్నాడు పొద్దున కాఫీలోకి పనికొస్తుంది.

బీఫ్ ముట్టనివాళ్ళకి, శాకాహారులకి ఇక్కడే ఒక హెచ్చరిక. వెజిటబుల్ పాటీ, చికెన్ పాటీ దొరుకుతాయి కానీ పాత పద్ధతిలో పై రేకుకి కలిపేది ఆవు కొవ్వు. ఇప్పుడు చాలామంది నూనె కొవ్వులే వాడుతున్నా, లోపల కూరగాయలున్నాయి కదా అని ధీమాగా కొనకండి. రేకులో ఏం కొవ్వు వేశారని అడగండి. కౌంటర్ దగ్గర వాళ్ళకి ఈ ప్రశ్న అలవాటే.

జెర్క్: పొగ ఎక్కడుందో చూడండి

జెర్క్ అంటే మసాలా పేరని చాలామంది అనుకుంటారు. సూపర్ మార్కెట్లో సీసాలో అమ్మేది మసాలానే. అసలు జెర్క్ కాల్చే పద్ధతి. తోటల నుంచి పారిపోయి జమైకా కొండల్లో తలదాచుకున్న బానిసలు, మరూన్లంటారు వాళ్ళని, అడవి పందిని ఆల్‌స్పైస్ చెట్టు కట్టెల పొగలో నిదానంగా కాల్చుకునేవారు. ఆ చెట్టుని జమైకాలో పిమెంటో అంటారు. దాని ఎండు కాయలో లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడూ కలిసిన వాసన ఉంటుంది. దానికి స్కాచ్ బానెట్ మిరపకాయ, థైమ్ ఆకు, ఉల్లికాడ, అల్లం తోడైతే జెర్క్ ముద్ద. స్కాచ్ బానెట్ కారం గురించి మన గుంటూరు గొప్పలు అక్కడ చెప్పుకోవద్దు. మాటల్లో గెలిచినా నాలుక ఓడిపోతుంది. కాకపోతే అది కారంతో పాటు పండు వాసన కూడా ఇస్తుంది, మన ఎండుమిర్చిలో ఉండని గుణం.

పిమెంటో కట్టె టొరంటోలో సులువుగా దొరకదు. అందుకని బాగా చేసేవాళ్ళు ఇనప డ్రమ్మును నిలువునా చీల్చి, బొగ్గులు పోసి, మూత వేసి కాలుస్తారు. చేతకానివాళ్ళు ఓవెన్‌లో కాల్చేసి పైన గోధుమరంగు సాస్ పోస్తారు. రెండోది చెడ్డ కోడి కూర అని అనను, కానీ దాని కోసం బస్సెక్కి వెళ్ళనక్కర్లేదు. తేడా తెలుసుకోవడానికి కొట్లోకి అడుగు పెట్టక ముందే రెండు గుర్తులు దొరుకుతాయి. వీధి మొదట్లోనే పొగ వాసన తగలాలి. లోపల మచ్చుకత్తితో ఎముకతో సహా టకటకా కొట్టే చప్పుడు వినపడాలి. ముక్క మీద చర్మం అక్కడక్కడ నల్లగా మాడి ఉండాలి. సాస్ విడిగా ఇవ్వడమూ మంచి గుర్తే. ముక్క ఎండిపోయిందని వాళ్ళకి భయం లేదన్నమాట.

దీనికి నేను ఎగ్లింటన్‌లో రాప్స్‌కి పంపిస్తాను. పొద్దుపోయాక కూడా జనం ఉంటారు, ఆర్డరు చెప్పడానికి నిలబడాలి, తినడానికి బల్ల ఉంటుందని ఆశ పెట్టుకోకండి. వేసవి శని, ఆదివారాల్లో ఈ వీధిలో డ్రమ్ములు బయటికొచ్చినప్పుడు వెళ్తే ఎంచుకోవడానికి మీ ముక్కే చాలు. తూర్పు వైపు ఉన్నవాళ్ళకి ద రియల్ జెర్క్ ఉంది. 1984లో మొదలై ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ వచ్చింది, వెళ్ళేముందు ఇప్పటి చిరునామా చూసుకోండి. 2016లో రిహానా, డ్రేక్‌ల పాట వీడియో అక్కడ తీశాక దాని పేరు ప్రపంచమంతా పాకింది. కూర్చుని తినొచ్చు, కొత్తవాళ్ళని తీసుకెళ్ళడానికి బాగుంటుంది. పొగ మాత్రమే లెక్క అనుకుంటే నేను మళ్ళీ ఎగ్లింటన్ వైపే మొగ్గుతాను. డాన్ వ్యాలీ పార్క్‌వే దగ్గర్లో ఉండేవాళ్ళు అండర్‌హిల్ డ్రైవ్‌లో ఆల్విన్స్ బేకరీకి వెళ్ళి జెర్క్ చికెన్‌ని కోకో బ్రెడ్‌లో పెట్టి ఇచ్చే శాండ్‌విచ్ తినండి. ఎముకల బెడద లేదు కాబట్టి కారులో పిల్లలకీ ఇదే సులువు.

ఆర్డరు చెప్పేటప్పుడు డార్క్ మీట్ అనండి. కాలు, తొడ ముక్కలు వస్తాయి. రొమ్ము ముక్క డ్రమ్ము మీద త్వరగా పీచెక్కుతుంది.

మేక కూరా, ఆ గ్రేవీ సంగతీ

జమైకాకి కర్రీ తెచ్చింది మనదేశం వాళ్ళే. 1845 మేలో మొదటి ఓడ ఓల్డ్ హార్బర్ బేలో ఆగింది. 1917 దాకా దాదాపు 36 వేలమంది ఒప్పంద కూలీలుగా వెళ్ళారు, ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల వాళ్ళు. వాళ్ళ వంట అక్కడి ఆల్‌స్పైస్, థైమ్, స్కాచ్ బానెట్‌లతో కలిసి వేరే రుచి అయింది. అందుకని కర్రీ గోట్ తినేటప్పుడు మన వేటమాంసం కూర ఊహించుకుని వెళ్ళకండి. ఎర్రగా ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది. కారప్పొడి వేయరు. మిరపకాయని చిదమకుండా నిండుగా వేసి వాసన దించుతారు. ఎముక ముక్కలు చిన్నగా కొడతారు కాబట్టి చేత్తో తినడమే క్షేమం, పక్కవాళ్ళు కూడా అదే చేస్తూ కనపడతారు.

ఈ కూర కోసం నేను పేరున్న చోటికి పోను. స్కార్‌బరో, బ్రాంప్టన్‌లలో మనవాళ్ళ ఇళ్ళ మధ్యనే ఉన్న ప్లాజాల్లో చిన్న టేకవుట్లు ఉంటాయి. ఒక పక్క కిరాణా, ఒక పక్క మంగలి షాపు, మధ్యలో అద్దం వెనక ఆరు ట్రేలు. ఆ అద్దం ముందు నిలబడి ట్రే చూడండి. నూనె పైకి తేలి, గ్రేవీ చెంచాకి అంటుకునేంత చిక్కగా ఉంటే కొనండి. నీళ్ళలో ముక్కలు తేలుతుంటే ఆ రోజుకి జెర్క్‌తో సరిపెట్టుకోండి. పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్ళాలి. సాయంత్రం ఏడింటికి వెళ్తే మేక అయిపోయిందంటారు, లేదా అడుగు మిగిలి ఉంటుంది. అయిపోవడం మంచి లక్షణమే.

ఇక గ్రేవీ. అన్నం డబ్బాలో పెట్టి కౌంటర్ దగ్గరున్నావిడ "గ్రేవీ వెయ్యనా?" అని అడుగుతుంది. మనం మొహమాటానికి తలూపేస్తాం. ఆ పోసేది చాలాచోట్ల ఆక్స్‌టెయిల్ గ్రేవీ, అంటే ఎద్దు తోక ఉడికిన రసం. బీఫ్ తినేవాళ్ళకి అది వరం, ఆక్స్‌టెయిల్ ధర చూశాక ఉచితంగా వచ్చే ఆ రసమే మహాభాగ్యం అనిపిస్తుంది. తినని వాళ్ళు "చికెన్ గ్రేవీ మాత్రమే" అని ముందే చెప్పాలి. నేను మొదటి ఏడాదంతా తలూపుతూనే ఉన్నాను. మా అత్తయ్యతో వెళ్ళిన రోజు ఆవిడే ఇంగ్లీషులో గట్టిగా అడిగి కనుక్కుంది, అప్పటిదాకా నాకు తెలీదు. ఆ రోజు కారులో ఆవిడ నాతో మాట్లాడలేదు.

అన్నం విషయానికొస్తే రైస్ అండ్ పీస్ అంటారు కానీ అందులో బఠాణీలుండవు, ఉండేది రాజ్మా. కొబ్బరిపాలలో, థైమ్‌తో వండుతారు. క్రిస్మస్ రోజుల్లో రాజ్మా బదులు గంగో పీస్ వేస్తారు. అవి మన కందులే. డిసెంబర్లో వెళ్తే అడిగి మరీ తినండి, పచ్చి కందికాయలు ఒలుచుకుని తిన్నవాళ్ళకి ఆ వాసన వెంటనే తెలిసిపోతుంది.

మాంసం తినని వాళ్ళు

నిజం చెప్పాలంటే మామూలు జమైకన్ టేకవుట్‌లో శాకాహారికి పక్క వంటకాలే గతి. అన్నం, ఆవిరి క్యాబేజీ, వేయించిన పండు అరటి ముక్కలు, ఫెస్టివల్ అనే తియ్యటి మొక్కజొన్న పిండి బూరెలు. కడుపు నిండుతుంది కానీ విందు అనిపించదు. అన్నంలోనూ కొందరు రుచికి ఉప్పు మాంసం ముక్క వేస్తారు, అడగండి.

కాలలూ పేరు చూస్తే ఆశ పుడుతుంది. జమైకా కాలలూ మన చిలకతోటకూర జాతే. ఉల్లి, టమాటా, మిరపకాయతో మగ్గబెడితే అచ్చం మన ఇంటి వేపుడే. కానీ సగం కొట్లలో అందులో సాల్ట్‌ఫిష్ కలుపుతారు. సాల్ట్‌ఫిష్ అంటే ఉప్పుచేప, కాడ్ చేపకి ఉప్పు పట్టించి ఎండబెట్టింది. ట్రినిడాడ్ వాళ్ళ కొట్లో కాలలూ అంటే ఇంకో వంటకం, చేమాకుతో చేస్తారు. బోర్డు మీద వెస్టిండియన్ అని ఉంటే అది ట్రినిడాడ్ కొట్టో, గయానా కొట్టో, జమైకా కొట్టో ముందు కనుక్కోండి. శాకాహారులకి ట్రినిడాడ్ కొట్టు దొరికితే అదృష్టమే: డబుల్స్ అనే శనగల కూరా పూరీ ఉంటుంది, పప్పు పూర్ణం పెట్టి వత్తిన దాల్‌పూరీ రొట్టె ఉంటుంది. ఉప్పు బొబ్బట్టు అనుకోండి.

జమైకా రుచే కావాలంటే ఇటల్ వంట చేసే చోటు వెతకండి. జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతం వాళ్ళ ఆహార నియమం అది. మాంసం ఉండదు, చాలామంది ఉప్పు కూడా వేయరు, రుచంతా కొబ్బరిపాలు, థైమ్, మిరపకాయ నుంచే. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. నాలుగో ముద్దకి గుమ్మడి, చిక్కుడు గింజల సొంత రుచి తెలుస్తుంది. ఉప్పు లేకుండా తినలేని మా నాన్నగారు మాత్రం రెండో ముద్ద దాకా కూడా వెళ్ళలేదు.

కూర్చుని తినాలనుకుంటే

ఇంటికి చుట్టాలొచ్చారు, పెళ్ళిరోజు, లేదా ఆఫీసు వాళ్ళతో వెళ్ళాలి. ఇలాంటప్పుడు ప్లాజా టేకవుట్‌కి తీసుకెళ్తే నిలబడే తినాలి. డౌన్‌టౌన్‌లో పోర్ట్‌లాండ్ వీధిలో చబ్బీస్ జమైకన్ కిచెన్ ఉంది, 2017లో తెరిచారు, పాత ఇంటిని అందంగా మార్చుకున్నారు. ముందే బుక్ చేసుకోవాలి. వంట శుభ్రంగా ఉంటుంది, కారం తగ్గించి ఉంటుంది, డబ్బు మాత్రం ఎగ్లింటన్‌కి రెండు మూడింతలవుతుంది. కొత్తవాళ్ళకి జమైకా రుచి పరిచయం చెయ్యడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఒక్కణ్ణే అయితే నేను వెళ్ళను. ఆ డబ్బుతో ముగ్గురికి మేక కూర వస్తుంది.

ఒక్క వంటకం కోసం మాత్రం కూర్చోవడం అవసరమే: అకీ అండ్ సాల్ట్‌ఫిష్. జమైకా జాతీయ వంటకం, పొద్దుటి ఫలహారం. అకీ ఒక పండు. ఉడికితే కోడిగుడ్డు పొరటులా పచ్చగా, మెత్తగా ఉంటుంది. చెట్టు మీద దానంతట అది విచ్చుకోకముందు కోస్తే విషం, అందుకని ఇక్కడ దొరికేది తనిఖీ చేసి డబ్బాల్లో వచ్చేది. అందులో కలిపే ఉప్పుచేపకి కెనడాతో పాత సంబంధం ఉంది. అట్లాంటిక్ తీరంలో పట్టిన నాసిరకం కాడ్‌ని ఎండబెట్టి కరీబియన్ తోటల్లో బానిసల తిండికి పంపేవాళ్ళు. బదులుగా రమ్ము, బెల్లప్పాకం వచ్చేవి. పేదతిండిగా వెళ్ళింది జాతీయ వంటకమై ఇక్కడికే తిరిగొచ్చింది. శని, ఆదివారాలు పొద్దున్నే వెళ్ళండి, చాలాచోట్ల మధ్యాహ్నానికి దొరకదు. మా కాకినాడ వైపు ఉప్పుచేప తిన్నవాళ్ళకి ఇది ఒక్కసారికే పట్టేస్తుంది. పక్కన ఉడికించిన పచ్చి అరటికాయ గానీ, బామీ గానీ తీసుకోండి. బామీ అంటే కర్రపెండలం రొట్టె.

ఒక్కరోజే ఉంది, ఒక్కసారే వెళ్తామంటారా? శనివారం పదకొండున్నరకి ఎగ్లింటన్-ఓక్‌వుడ్ దగ్గర దిగి నడవండి. 2015లో అక్కడి ఒక సందుకి జమైకా సంగీతం రెగే మీదుగా రెగే లేన్ అని పేరు పెట్టారు, గోడ మీద పెద్ద బొమ్మ ఉంది, చూసి వెళ్ళండి. బేకరీలో ఒక పాటీ ఇద్దరూ పంచుకోండి, ఆపైన పొగ వాసన పట్టుకుని జెర్క్ దగ్గరికి. కౌంటర్ దగ్గర ముందు "గుడ్ ఆఫ్టర్నూన్" అనండి. నేరుగా "ఒక జెర్క్ చికెన్" అనేస్తే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. ఆగస్టు మొదట్లో, 1967 నుంచి జరుగుతున్న కరీబానా ఉత్సవం వారాంతంలో మాత్రం వద్దు, లైనులోనే పొద్దు గూకుతుంది. గుడ్ ఫ్రైడేకి ముందు వెళ్తే బేకరీల్లో మసాలా బన్ను, దాని మధ్య పెట్టుకునే డబ్బా చీజ్ దొరుకుతాయి. ఆ జంట నాకింకా అంతుపట్టలేదు కానీ మా పిల్లలు వదిలిపెట్టరు.

తాగడానికి గ్రేప్‌ఫ్రూట్ అనే పంపరపనస జాతి పుల్లటి పండుతో చేసిన టింగ్ సోడా ఏ నెలలోనైనా సరే. డిసెంబర్ అయితే సొరెల్ అడగండి. ఎర్రగా, అల్లం ఘాటుతో, పుల్లపుల్లగా ఉంటుంది. అది గోంగూర జాతి మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు రాలాక మిగిలే ఎర్రటి రేకుల్ని అల్లంతో మరిగించి చక్కెర వేసుకుని తాగుతారు. ఎండబెట్టిన రేకులు ఆ వీధిలోని కిరాణా కొట్లలో సంచుల్లో అమ్ముతారు. కొంచెం తెచ్చి, మరిగించి రాత్రంతా మూతపెట్టి ఉంచండి. వడకట్టగా మిగిలిన పిప్పిని పారెయ్యకుండా మా ఆవిడ ఎండుమిర్చి వేసి పచ్చడి నూరింది.